తేమ తగలకూడని స్ఫటికం

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర గానీ, విశాఖ పక్కనున్న భీమునిపట్నం దగ్గర గానీ సముద్రతీరం వెంట నడిచేవాళ్లకు ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల రాళ్లు వేల ఏళ్లుగా అరిగి, వంశధార, నాగావళి, గోస్తనీ నదుల వెంట కొట్టుకొచ్చి సముద్రంలో కలిశాయి. తేలిక గింజల్ని అలలు వెనక్కి లాక్కుపోగా, బరువైనవి ఒడ్డునే పేరుకున్నాయి. ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైటుది. ఎర్రగా తళతళలాడేది గార్నెట్. వాటి నడుమ చాలా కొద్ది పాళ్లలో, తేనెరంగులో ఉండే గింజలు మోనజైటువి. దేశంలోని మోనజైటు నిల్వల్లో అన్నిటికంటే పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే.

మోనజైటు అంటే అరుదైన మృత్తికలనే లోహాల ఫాస్ఫేటు. అందులో కొంత థోరియం కూడా ఉంటుంది. ఈ లోహాల పేరు పత్రికల్లో వచ్చినప్పుడల్లా అయస్కాంతాలు, విద్యుత్ కార్లు, నియోడిమియం అనే మాటలే వినిపిస్తున్నాయి. అది అవసరమైన చర్చే. అయితే మోనజైటులో నియోడిమియం కంటే ఎక్కువగా ఉండి, వార్తల్లోకి ఎక్కని లోహం ఒకటుంది. అది లాంథనం. మోనజైటులోని అరుదైన మృత్తికల్లో ఇంచుమించు సగం సీరియమైతే, ఐదో వంతుకు పైగా లాంథనం. అయస్కాంతాల కోసం నియోడిమియం తీసినప్పుడల్లా ఈ రెండూ కోరకుండానే కుప్పగా మిగులుతాయి. అందుకే వీటి ధర తక్కువ. ఆ చవక లాంథనంతో ఎంత విలువైన పదార్థం తయారవుతుందో, ఎంత కష్టపడితే తయారవుతుందో ఈ రోజు చెప్పాలనుకున్నాను. ఆ పదార్థం లాంథనం బ్రోమైడ్. ఒక లాంథనం పరమాణువుకు మూడు బ్రోమిన్ పరమాణువులు. సూత్రం ఇంతే. కానీ దీన్ని చెక్కు చెదరని స్ఫటికంగా చెయ్యడం రసాయన శాస్త్రవేత్తలకు నేటికీ కఠినమైన పరీక్ష.

ఇందులోని బ్రోమిన్ కూడా సముద్రం పక్కన దొరికేదే. ఉప్పుమళ్లలో ఉప్పు తీసేశాక అడుగున మిగిలే చేదు నీటిలో అది ఉంటుంది. 1826లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో బలార్ అనే యువకుడు అలాంటి నీటి నుంచే దాన్ని మొదట వేరుచేశాడు. మన దేశంలో బ్రోమిన్ ప్రధానంగా గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు ఉప్పునీటి నుంచి వస్తుంది. లాంథనాన్ని 1839లో స్టాక్‌హోమ్‌లో కార్ల్ గుస్టాఫ్ మొసాండర్ కనుక్కున్నాడు. సీరియం లవణం అనుకుంటున్నదాన్ని వేడిచేసి, పలచటి నత్రికామ్లంతో కడిగితే కరిగిపోయిన భాగంలో కొత్త లోహం బయటపడింది. లాంథనం సముద్రపు ఇసుకలోది, బ్రోమిన్ సముద్రపు నీటిలోది. ఈ రెండూ కలిసిన బ్రోమైడ్ మాత్రం సముద్రపు గాలిని కాసేపైనా తట్టుకోలేదు. గాలిలోని తేమను లాక్కుని ముందు మసకబారుతుంది, తర్వాత చెమ్మగిల్లి కరిగిపోతుంది. నేను చెప్పబోయే కథంతా ఒక రకంగా నీటితో పోరాటమే.

అంత కష్టపడి దీన్ని ఎందుకు చేస్తారు? వెలుగు కోసం.

గామా కిరణాలు కంటికి కనపడవు. అవి ఉన్నాయని తెలుసుకోవడానికి, వాటి శక్తి ఎంతో కొలవడానికి వాటిని ఏదో ఒక పదార్థంలో ఆపాలి. కొన్ని స్ఫటికాలు గామా కిరణాన్ని మింగి, ఆ శక్తిని చిన్న కాంతి మెరుపుగా బయటికి వదులుతాయి. నూరేళ్ల కిందట మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన గైగర్, మార్స్‌డెన్ ఆల్ఫా కణాల్ని లెక్కపెట్టింది ఇలాంటి మెరుపుల్ని చూసే. చీకటి గదిలో కళ్లు అలవాటు పడేదాకా కూర్చుని, సూక్ష్మదర్శినిలో జింక్ సల్ఫైడ్ తెర మీద ఒక్కొక్క మెరుపూ లెక్కపెట్టేవారు. పరమాణువుకు కేంద్రకం ఉందన్న సంగతి అలా బయటపడింది. ఆ తర్వాత కంటి పనిని ఫోటోమల్టిప్లయర్ ట్యూబు తీసుకుంది. 1948లో అమెరికాలో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికాన్ని తీసుకొచ్చాడు. అది ఎంత బాగా పనిచేసిందంటే, 50 ఏళ్ల పాటు ఆస్పత్రుల్లో, అణు ప్రయోగశాలల్లో, ఖనిజాల అన్వేషణలో దానిదే రాజ్యం. ఇప్పటికీ చాలాచోట్ల అదే వాడుతున్నారు.

దానికి ముఖ్యమైన లోటు ఒకటుంది. ఒకే శక్తి ఉన్న గామా కిరణాలు వంద వచ్చాయనుకోండి. స్ఫటికం ఇచ్చే వందా మెరుపులూ ఒకే ప్రకాశంతో ఉండవు. కొన్ని కొంచెం ఎక్కువ, కొన్ని కొంచెం తక్కువ. ఈ చెదురు ఎంత తక్కువైతే పరికరం అంత సూక్ష్మంగా కొలుస్తుంది. సీసియం 137 అనే రేడియోధార్మిక పదార్థం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాన్నిస్తుంది. పరీక్షలకు అందరూ దాన్నే కొలబద్దగా పెట్టుకుంటారు. దాని దగ్గర సోడియం అయొడైడ్ చెదురు దాదాపు 7 శాతం. దగ్గర దగ్గర శక్తులున్న రెండు కిరణాలు వస్తే దానికి అవి కలగాపులగంగా కనిపిస్తాయి. జెర్మేనియంతో చేసిన డిటెక్టర్లు ఎంతో సూక్ష్మంగా వేరుచేస్తాయి గానీ, వాటిని ద్రవ నైట్రోజన్ చల్లదనంలో ఉంచాలి. అంటే సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్. పొలంలోకీ ఓడరేవులోకీ చేత్తో పట్టుకెళ్లే పరికరానికి అది పెద్ద భారం.

2001లో ఈ పరిస్థితి మారింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాన్ లూఫ్, డోరెన్‌బోస్, వాన్ ఐక్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో క్రేమర్, గ్యూడెల్ కలిసి కొద్దిగా సీరియం చేర్చిన లాంథనం బ్రోమైడ్ స్ఫటికం గురించి ప్రకటించారు. అంతకు ముందు ఏడాదే వాళ్లు లాంథనం క్లోరైడ్‌ను పరీక్షించి ఉన్నారు. బ్రోమైడ్ దాన్ని మించిపోయింది. 662 దగ్గర చెదురు 3 శాతానికి దిగింది. అదీ గది ఉష్ణోగ్రతలో, ఏ చల్లదనమూ అక్కర్లేకుండా. బెర్న్ వాళ్లు స్ఫటికం చెయ్యడంలో దిట్టలు, డెల్ఫ్ట్ వాళ్లు వెలుగు కొలవడంలో దిట్టలు. ఈ ఆవిష్కరణలో స్ఫటికం చేసిన చేతులకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. అందుకే ఇక తయారీ గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

మొదలు లాంథనం ఆక్సైడ్. తెల్లటి పొడి. సీసాలో అమాయకంగా కనిపిస్తుంది గానీ, మూత తీసి ఉంచితే గాలిలోని తేమనూ బొగ్గుపులుసు వాయువునూ పీల్చుకుని బరువు పెరుగుతుంది. నిన్న తూచిన పొడి ఇవాళ ఆ బరువు తూగదు. అందుకని తూచే ముందు కొలిమిలో ఎర్రగా కాల్చి, తడి లేని చోట చల్లార్చుకోవాలి. దాన్ని హైడ్రోబ్రోమిక్ ఆమ్లంలో వేస్తే వేడెక్కుతూ కరిగి తేటనీరులా అవుతుంది. ఇప్పటికి లాంథనం బ్రోమైడ్ తయారైనట్టే. కానీ నీళ్లలో.

ఆ ద్రావణాన్ని మెల్లగా ఇగరబెడితే స్ఫటికాలు వస్తాయి. ఒక్కొక్క లాంథనం బ్రోమైడ్ అణువుకు ఏడు నీటి అణువులు అంటుకుని ఉంటాయి. లెక్క కడితే ఆ స్ఫటికం బరువులో నాలుగో వంతు నీరే. సరే, వేడిచేసి నీరు పోగొడదాం అనిపిస్తుంది. రసాయనశాస్త్రం కొత్తగా చదివే పిల్లలందరూ మైలుతుత్తం వేడిచేసి నీలం పోయి తెలుపు రావడం చూసే ఉంటారు. ఇక్కడ ఆ దారి పనికిరాదు. మొదటి కొన్ని నీటి అణువులు మర్యాదగానే వెళ్లిపోతాయి. చివరి అణువుల దగ్గరే చిక్కు. మూడు ధనావేశాలున్న లాంథనం అయాన్ నీటిలోని ఆక్సిజన్‌ను బలంగా పట్టుకుంటుంది. వేడి పెరిగే కొద్దీ నీటి అణువు మొత్తంగా బయటికి పోకుండా అక్కడే విడిపోతుంది. దానిలోని హైడ్రోజన్ బ్రోమిన్‌ను వెంటబెట్టుకుని హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువుగా ఎగిరిపోతుంది. ఆక్సిజన్ లాంథనంతో ఉండిపోతుంది. మిగిలేది లాంథనం ఆక్సీబ్రోమైడ్. తెలుపులో తెలుపు, కంటికి తేడా తెలియదు. నీటిలో వేస్తే తెలుస్తుంది. స్వచ్ఛమైన బ్రోమైడ్ తేటగా కరుగుతుంది, ఆక్సీబ్రోమైడ్ కరగక తెల్లటి మడ్డిగా తేలుతుంది. ఆ మడ్డి కాస్త ఉన్నా స్ఫటికం పాడవుతుంది.

దీనికి విరుగుడు అమ్మోనియం బ్రోమైడ్. ఇది మన నవాసారానికి దగ్గరి బంధువు. రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు కాలిన గిన్నెలో నవాసారం చల్లి రుద్దడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. గుప్పున తెల్లటి పొగ లేచేది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. అది వేడికి విడిపోయి ఇచ్చే ఆమ్లం గిన్నె మీద పట్టిన ఆక్సైడ్‌ను తినేసి, లోహాన్ని శుభ్రంగా బయటపెడుతుంది. అప్పుడే తగరం అంటుకుంటుంది. లాంథనం బ్రోమైడ్ చేసేవాళ్లు వాడేది ఆ రసాయనమే, క్లోరిన్ స్థానంలో బ్రోమిన్ ఉందంతే.

ద్రావణంలో ముందుగానే అమ్మోనియం బ్రోమైడ్ ధారాళంగా కలిపి ఇగరబెడతారు. నీరు తగ్గేకొద్దీ లాంథనం, అమ్మోనియం, బ్రోమిన్ మూడూ కలిసిన జంట లవణం ఏర్పడుతుంది. లాంథనం చుట్టూ నీరు ఉండాల్సిన చోటుల్ని బ్రోమిన్లు ఆక్రమిస్తాయి. తర్వాత ఆ పొడిని గాజు గొట్టంలో పెట్టి, గాలి తోడేసి, తొందరపడకుండా వేడి పెంచుతారు. ముందు మిగిలిన తడి పోతుంది. ఎక్కడైనా ఆక్సిజన్ లాంథనానికి అతుక్కుంటే, అమ్మోనియం బ్రోమైడ్ నుంచి పుట్టే హైడ్రోజన్ బ్రోమైడ్ వెంటనే దాన్ని నీరుగా మార్చి బయటికి పంపుతుంది. 400 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి అక్కరకు మించిన అమ్మోనియం బ్రోమైడ్ అంతా ఆవిరై గొట్టం చల్లటి కొసన తెల్లటి పొరగా గడ్డకడుతుంది. పని చేసిపెట్టి, తన ఆనవాలు లేకుండా తప్పుకుంటుంది. లాంథనం బ్రోమైడ్ ఒక్కటే అడుగున ఉండిపోతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. ఆక్సైడ్‌ను అమ్మోనియం హాలైడ్‌తో కలిపి వేడిచేసే ఈ పద్ధతితో అరుదైన మృత్తికల క్లోరైడ్లు, బ్రోమైడ్లు దాదాపు అన్నీ చేసుకోవచ్చు. జర్మనీలో గెర్డ్ మేయర్ ఈ మార్గంలో ఏ ఏ మెట్లున్నాయో, ఏ లోహానికి ఎలాంటి జంట లవణం ఏర్పడుతుందో తరచి చూశాడు.

స్ఫటికం పెంచడానికి ఆ పొడి కూడా చాలదు. ఎక్కువ శూన్యంలో దాన్ని ఎర్రటి వేడిలో ఆవిరిచేసి, వేరేచోట గడ్డకట్టిస్తారు. మిగిలివున్న ఆక్సీబ్రోమైడ్ ఎగరలేక కిందే ఉండిపోతుంది. ఇక్కడి నుంచి పదార్థానికి బయటి గాలి తగలనివ్వరు. తెరిచేదీ తూచేదీ కలిపేదీ అన్నీ గ్లౌవ్ బాక్సులోనే. గాజు ముఖమున్న పెద్ద పెట్టె, లోపల పొడి ఆర్గాన్ వాయువో నైట్రోజనో, గోడకు బిగించిన పొడుగాటి రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి పని. పెట్టె లోపలి వాయువులో తేమ పది లక్షల పాళ్లలో ఒక పాలుకు మించకుండా చూసుకుంటారు.

ఇదే పద్ధతిలో చేసిన సీరియం బ్రోమైడ్‌ను ఇక్కడ కలుపుతారు. అమ్మకానికి వచ్చే స్ఫటికాల్లో సాధారణంగా లాంథనంలో 5 శాతం స్థానాలు సీరియానివి. రెండు లోహాలూ ఆవర్తన పట్టికలో ఇరుగుపొరుగు, పరిమాణంలో ఇంచుమించు సమానం. రెండు బ్రోమైడ్ల నిర్మాణం కూడా ఒకటే. ప్రతి లోహ అయాన్ చుట్టూ తొమ్మిది బ్రోమైడ్ అయాన్లు కొలువుదీరి ఉంటాయి. కాబట్టి లాంథనం స్థానంలో సీరియం ఇబ్బంది లేకుండా ఇమిడిపోతుంది.

కలిపిన పొడిని క్వార్ట్జ్ గొట్టంలో పోసి, గాలి తీసి, మూతిని కరిగించి అతికేస్తారు. గొట్టం అడుగు సన్నటి మొనగా ఉంటుంది. లాంథనం బ్రోమైడ్ 788 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన అంతకంటే వేడిగా, కింద అంతకంటే చల్లగా ఉండే నిలువు కొలిమిలో ఈ గొట్టాన్ని గంటకు కొద్ది మిల్లీమీటర్ల లెక్కన, ఒక్కోసారి ఇంకా నెమ్మదిగా కిందికి దించుతారు. మొన ముందుగా చల్లబడి అక్కడ స్ఫటికం మొదలవుతుంది. ఆ ఒక్క స్ఫటికమే ద్రవాన్ని పొరలు పొరలుగా తనలో కలుపుకుంటూ పైకి ఎదుగుతుంది. ఈ పద్ధతికి హార్వర్డ్ శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ పేరు. 1946లో నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకు అధిక పీడనాల మీద చేసిన పనికి. లోకానికి ఎక్కువగా ఉపయోగపడింది బహుశా ఈ కొలిమే.

ఎదిగిందని సంబరపడటానికి లేదు. చల్లార్చేటప్పుడు అసలు గండం. ఈ స్ఫటికం షడ్భుజి ఆకారపు అమరిక గలది. వేడికి ఒక దిక్కున వ్యాకోచించినంతగా మరో దిక్కున వ్యాకోచించదు. చల్లబడేటప్పుడు సంకోచమూ అంతే. లోపల లాగుడు పెరిగి పటుక్కున చీలుతుంది. ఆక్సీబ్రోమైడ్ రవ్వలుంటే క్వార్ట్జ్ గోడకు అంటుకుని మరీ చీలుతుంది. అందుకని రోజుల తరబడి నెమ్మదిగా చల్లారుస్తారు. మొదట్లో మిల్లీమీటర్ల ముక్కలే దొరికేవి. తర్వాత 3 అంగుళాల అడ్డం, 3 అంగుళాల పొడవున్న స్ఫటికాలు మార్కెట్లోకి వచ్చాయి. ఇటలీలోని మిలాన్ పరిశోధకుల దగ్గర 8 అంగుళాల పొడవున్నవి ఉన్నాయి. కోయడం, సానపట్టడం కూడా పొడి గాలిలోనే. చివరికి అల్యూమినియం డబ్బాలో పెట్టి, వెలుగు బయటికి రావడానికి ఒకవైపు గాజు పలక అతికి, గాలి చొరబడకుండా మూసేస్తారు. కొనుక్కున్నవాడు లోపలి స్ఫటికాన్ని తాకేది ఉండదు.

ఇక దాని గుణాలు. సీరియం లేని లాంథనం బ్రోమైడ్ గామా కిరణాన్ని ఆపగలదు గానీ ఈ మాత్రం మెరవలేదు. గామా కిరణం స్ఫటికంలో ఎలక్ట్రాన్లను చెల్లాచెదురు చేస్తుంది. ఆ శక్తి అటూ ఇటూ తిరిగి సీరియం అయాన్ దగ్గరికి చేరుతుంది. సీరియం అయాన్‌లో 4ఎఫ్ అనే లోపలి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. శక్తి అందగానే అది పైనున్న 5డి కక్ష్యకు ఎగిరి, మళ్లీ కిందికి దిగుతుంది. దిగేటప్పుడు వెలుగు. 380 నానోమీటర్ల ప్రాంతం, అంటే ఊదారంగుకీ అతినీలలోహితానికీ సరిహద్దు. 5డి నుంచి 4ఎఫ్‌కు దిగడానికి క్వాంటం నియమాల అడ్డు లేదు. అందువల్ల ఆ దిగడం చాలా వేగంగా జరుగుతుంది. మెరుపు ఆరిపోవడానికి పట్టే కాలం సుమారు 16 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వందకోట్ల వంతు. సోడియం అయొడైడ్‌కు ఇదే పనికి 230 నానోసెకన్లు పడుతుంది.

కాంతి పరిమాణం చూద్దాం. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి లాంథనం బ్రోమైడ్ దాదాపు 63,000 ఫోటాన్లు ఇస్తుంది. సోడియం అయొడైడ్ ఇచ్చేది 38,000. సీసియం కిరణం ఒక్కటి వస్తే లాంథనం బ్రోమైడ్‌లో 40,000కు పైగా ఫోటాన్లు పుడతాయన్నమాట. సాంద్రత 5.1, సోడియం అయొడైడ్‌ది 3.67. బరువైన పదార్థం కాబట్టి అంతే పరిమాణంలో ఎక్కువ కిరణాల్ని ఆపుతుంది. అయితే కొలతలో సూక్ష్మత కాంతి ఎక్కువ కావడం వల్లే వచ్చిందనుకుంటే లెక్క సరిపోదు. చిన్న శక్తికి ఇచ్చే కాంతికీ, పెద్ద శక్తికి ఇచ్చే కాంతికీ నిష్పత్తి తప్పకపోవడం అంతకంటే ముఖ్యం. చాలా స్ఫటికాలు తక్కువ శక్తి దగ్గర ఒక రేటున, ఎక్కువ శక్తి దగ్గర మరో రేటున కాంతినిస్తాయి. లాంథనం బ్రోమైడ్ దాదాపు ఒకే రేటు పాటిస్తుంది. 2013లో డెల్ఫ్ట్ వాళ్లే ఈ స్ఫటికంలో కొద్దిగా స్ట్రాన్షియం కూడా చేరిస్తే ఆ నిష్పత్తి ఇంకా కుదిరి, చెదురు 2 శాతానికి తగ్గిందని చూపించారు.

దీనివల్ల జరిగే మేలు ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదంలో సీసియం 134, సీసియం 137 రెండూ బయటపడ్డాయి. మొదటిది రెండేళ్లకు సగమవుతుంది, రెండోదానికి 30 ఏళ్లు పడుతుంది. ఒక ఊరి మట్టిలో ఏది ఎంత ఉందో తెలిస్తేనే ఆ ఊరివాళ్లు ఎప్పుడు తిరిగి రావచ్చో అంచనా కట్టగలం. మొదటిదాని గామా కిరణాల్లో ముఖ్యమైనది 605 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, రెండోదానిది 662 దగ్గర. సోడియం అయొడైడ్ కొలతల్ని గ్రాఫుగా గీస్తే ఈ రెండు శిఖరాల పాదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లాంథనం బ్రోమైడ్‌లో రెండూ విడివిడిగా నిలబడతాయి.

ఇంత మంచి స్ఫటికానికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అది తానే రేడియోధార్మికం. ప్రకృతిలోని లాంథనంలో వెయ్యికి ఒక పరమాణువు కంటే కొంచెం తక్కువ, 0.09 శాతం, లాంథనం 138 అనే రకం. దాని అర్ధాయువు దాదాపు పదివేల కోట్ల సంవత్సరాలు, విశ్వం వయసుకు ఏడు రెట్లకు పైనే. అంత నెమ్మదిగా క్షీణించినా, స్ఫటికంలో ఉన్న పరమాణువుల సంఖ్య లెక్కకు అందనిది కాబట్టి ప్రతి ఘన సెంటీమీటరులోనూ ప్రతి సెకనుకూ ఒకటి రెండు విఘటనలు జరుగుతూనే ఉంటాయి. మనిషికి దానివల్ల భయం లేదు. మన ఒంట్లోని పొటాషియం 40 కూడా నిత్యం క్షీణిస్తూనే ఉంటుంది. చిక్కు కొలతలో. పొటాషియం 40 ఇచ్చే కిరణం శక్తి 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. లాంథనం 138 ఇచ్చేది 1436. ఆ కిరణమిచ్చే క్షీణతలో లాంథనం బేరియంగా మారుతుంది. ఆ బేరియం ఇచ్చే 30కి పైబడిన ఎక్స్ కిరణం కూడా స్ఫటికంలోనే ఆగిపోయి, రెండూ కలిసి ఒకే మెరుపుగా 1470 దగ్గర కనిపిస్తాయి. పొటాషియం శిఖరం సరిగ్గా దాని నీడలో పడుతుంది. నేలలో పొటాషియం ఎంతో కొలవాలనుకునే భూగర్భ శాస్త్రవేత్తకు ఇది సరైన పరికరం కాదు. ఓపికగల ప్రయోగశాలలు ఈ లోపాన్నే పనికి పెట్టుకున్నాయి. ఆ సొంత శిఖరం ఎక్కడికీ పోదు కాబట్టి, పరికరం సరిగా ఉందో లేదో దానితోనే సరిచూసుకుంటాయి.

ఆ సొంత రేడియోధార్మికత అసలే వద్దనుకున్నవాళ్లు లాంథనాన్ని పూర్తిగా వదిలి, సీరియం బ్రోమైడ్ ఒక్కదానితోనే స్ఫటికం చేశారు. సూక్ష్మత కొంచెం తగ్గి 4 శాతమవుతుంది గానీ లోపలి గోల పోతుంది. 2018లో బుధగ్రహానికి బయలుదేరిన బెపికొలంబో నౌకలోని గామా పరికరంలో ఉన్నది ఆ సీరియం బ్రోమైడే. లాంథనం బ్రోమైడ్ కూడా అంతరిక్షానికి వెళ్లింది. చైనా వాళ్లు 2010లో చంద్రుడి దగ్గరికి పంపిన చాంగ్ ఎ 2 లో, 2020 డిసెంబరులో గామా విస్ఫోటనాల కోసం పంపిన గెకామ్ ఉపగ్రహాల్లో ఇదే వాడారు. వైద్యంలో పెట్ స్కానర్లకు దీని వేగం పనికొస్తుందని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక యంత్రం కట్టి చూశారు, బొమ్మ బాగానే వచ్చింది. కానీ ఆస్పత్రి యంత్రాల తయారీదారులు తేమకు బెదరని, ఇంకా బరువైన లుటీషియం స్ఫటికాల వైపే మొగ్గారు. వాళ్ల నిర్ణయం సబబే. అణు భౌతికశాస్త్రం, భద్రతా తనిఖీలు, అంతరిక్షం ఈ స్ఫటికానికి తగిన రంగాలు.

మన సంగతికి వస్తాను. 1909లో ట్రావన్‌కోర్ నుంచి వెళ్లిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో ఒక జర్మన్ రసాయనికుడు మోనజైటును గుర్తించాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు మన ఇసుక గ్యాస్ దీపాల మేజోళ్లకు కావలసిన థోరియం కోసం ఓడల మీద యూరప్ వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది. 1952లో కేరళలోని ఆలువాలో కర్మాగారం మొదలైంది. మోనజైటును కాస్టిక్ సోడాలో ఉడికించి, ఫాస్ఫేటును విడదీసి, థోరియాన్ని పక్కకు తీసి, మిగిలినదాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి అరుదైన మృత్తికల క్లోరైడ్ తయారుచెయ్యడం 70 ఏళ్లకు పైగా మనకు తెలిసిన విద్య. ఒడిశాలోని ఛత్రపూర్‌లో ఇసుక శుద్ధి జరుగుతోంది. 2023లో విశాఖపట్నంలో సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తీరం నుంచి లోహపు లవణం దాకా దారి మనకుంది. అయితే అలా చేసే క్లోరైడ్ తడి లవణం. తడి లవణానికీ పొడి బ్రోమైడ్ స్ఫటికానికీ మధ్య ఉన్న దూరమే ధరలో కొన్ని వేల రెట్ల తేడాగా మారుతుంది. ఆ దూరం నిండా ఉన్నది ఇందాక మనం చెప్పుకున్న పనే. తేమను ఆపడం, ఆక్సిజన్‌ను తప్పించడం, రోజుల తరబడి చల్లార్చడం.

ఈ విద్య పుస్తకంతో అబ్బదు. శూన్యపు గొట్టాల అమరిక బిగించి, ఎక్కడ లీకవుతోందో వెతికి, అమ్మోనియం బ్రోమైడ్ పొర గొట్టం కొసన గడ్డకట్టడం కళ్లారా చూసినవాళ్లకే వస్తుంది. మన డిగ్రీ, పీజీ ప్రయోగశాలల్లో లవణాల విశ్లేషణ నేర్పుతున్నాం, టైట్రేషన్లు నేర్పుతున్నాం. గాలి తగలకుండా పనిచెయ్యడం మాత్రం చాలాచోట్ల పరిశోధనలో చేరేదాకా విద్యార్థి చేతికి రావడం లేదు. ముఖ్యంగా మన కోస్తా కళాశాలల అధ్యాపకులకు నా విన్నపం ఒకటుంది. మీ పీజీ ప్రయోగాల్లో ఒక నిర్జల క్లోరైడ్ తయారీని చేర్చండి. లాంథనం ఆక్సైడ్ ఖరీదైనది కాదు, నవాసారం అంతకంటే చవక. ఒక గాజు గొట్టం, చిన్న కొలిమి, మంచి వాక్యూమ్ పంపు, ఆవిర్లను పట్టే ఏర్పాటు ఉంటే చాలు. తయారైన పొడిని పిల్లల చేత నీటిలో వేయించండి. తేటగా కరిగితే వాళ్లు గెలిచినట్టు, మడ్డి తేలితే ఎక్కడో తేమ చొరబడినట్టు.